గుర్రపుడెక్క కేసు: టన్నుల లెక్క మానేశాకే నీళ్లు కనబడ్డాయి

చెరువు పేరు రాయడం లేదు, పాత కాంట్రాక్టు బిల్లుల గొడవ ఇంకా తేలలేదు కాబట్టి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డుకు కాస్త అవతల ఉంటుంది. ఒకవైపు పాత ఊరు, రెండువైపులా కొత్త వెంచర్లు, నాలుగోవైపు కట్ట. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) ప్రకారం సుమారు 40 ఎకరాలు, అంటే 16 హెక్టార్లు. ఆయకట్టు కాగితాల మీదే ఉంది, పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి. చేపల సొసైటీ మాత్రం బతికే ఉంది, పూర్తిగా చెరువు మీదే ఆధారపడేవాళ్లు తగ్గిపోయినా తెప్పలూ వలలూ ఇంకా ఇళ్లలో ఉన్నాయి. ఇది గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి. పైన ఇంకో చెరువు ఉంది, దాని మత్తడి (అలుగు) దూకితే నీళ్లు నేరుగా ఇందులోకే వస్తాయి.

నేను చెరువుల పనులు చూసే సివిల్ ఇంజినీర్ని, మొక్కల శాస్త్రం అవసరం కొద్దీ నేర్చుకున్నదే. నన్ను పిలిచేటప్పటికి ఈ చెరువులో నీళ్లు కనబడే చోటు తూము దగ్గర కొంచెం, అంతే. మిగతాదంతా గుర్రపుడెక్క, నీళ్ల మీద తేలుతూ పాకే కలుపు మొక్క. కొన్నిచోట్ల అది ఎంత పాతదంటే దాని మీద గడ్డి మొలిచి, జమ్ము కూడా వేళ్లూనుకుని, దూరం నుంచి చూస్తే నేలే అనిపించేది. గేదె ఒకటి అలాగే అనుకుని నడిచి దిగబడిపోయిందని ఊళ్లో చెప్పారు. అప్పటికే ఈ చెరువును రెండుసార్లు "శుభ్రం" చేశారు, బిల్లులు కూడా చెల్లించారు. రెండుసార్లూ ఆ వానాకాలం దాటకముందే మళ్లీ కప్పేసింది.

కాబట్టి నా ముందున్న ప్రశ్న దీన్ని ఎలా తీయాలి అన్నది కాదు. తీయడం ఇప్పటికే రెండుసార్లు జరిగింది. తీసినా ఎందుకు నిలవలేదు అన్నది అసలు ప్రశ్న.

మొక్క గురించి కావలసినంత

దక్షిణ అమెరికా అమెజాన్ ప్రాంతం మొక్క ఇది. ఊదారంగు పువ్వు బాగుంటుందని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు, కొన్ని దశాబ్దాలకే అక్కడి వరి పొలాలనూ పడవ దారులనూ మింగేస్తే 1936లో దాని మీద ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. చట్టంతో అది పోలేదని వేరే చెప్పక్కర్లేదు. ఆక్రమణ జాతుల మీద 2023లో ఐపీబీఈఎస్ (జీవవైవిధ్యం మీద ప్రభుత్వాలకు శాస్త్రీయ నివేదికలిచ్చే అంతర్జాతీయ సంస్థ) ఇచ్చిన నివేదిక ప్రపంచంలో అన్నిటికంటే విస్తారంగా పాకిన మొక్కగా దీన్నే చెప్పింది. ఇంత జరిగినా ఇప్పటికీ కొన్ని నర్సరీల్లో కుండీలో పెట్టి అమ్ముతున్నారు. కొనేవాళ్లు కూడా ఉన్నారు.

పని చేసేవాళ్లకు దీని గురించి మూడు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి, ఇది తీగల్లాంటి కాడలు వేసి పిల్లమొక్కలు పెడుతుంది, ఎండా మురుగూ బాగా దొరికితే ఒకటి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. రెండు, విత్తనాలు కూడా వేస్తుంది, అవి బురదలో 15–20 ఏళ్లు బతికి ఉండగలవు. నీళ్లు తగ్గి బురద బయటపడి, దానికి వెలుతురు తగిలితే మొలుస్తాయి. మూడు, పచ్చి మొక్కలో 90 నుంచి 95 శాతం నీళ్లే.

మొదటిదాన్ని మన చెరువుకు అన్వయించి చూడండి. 40 ఎకరాల్లో ఒక శాతం అంటే 16 గుంటలు (ఎకరానికి 40 గుంటలు). కాంట్రాక్టరు 99 శాతం తీసేసి, మూలల్లో అక్కడక్కడా 16 గుంటలు వదిలాడనుకుందాం. ఎవరైనా ఫొటో చూస్తే అద్భుతం అంటారు, బిల్లు పాసవుతుంది. రెండు వారాలకోసారి రెట్టింపు అనుకుంటే 32, 64, 128, 256, 512, 1024, ఏడో రెట్టింపుకి 2048 గుంటలు, అంటే 51 ఎకరాలు. చెరువే 40 ఎకరాలు. జూన్ ఒకటిన వదిలిన 16 గుంటలు సెప్టెంబరు మొదటి వారానికి చెరువంతా కప్పేస్తాయి. ఇరుకైపోయాక వేగం తగ్గుతుంది నిజమే, ఒక నెల అటూ ఇటూ కావచ్చు. అయినా సంగతి మారదు: ఈ పనిలో చివరి ఒక్క శాతమే అసలు పని, మొదటి 99 శాతం దానికి దారి చేసుకోవడం మాత్రమే.

కాటా దగ్గర జరిగే కథ

పాత ఒప్పందాలు రెండూ టన్నుల లెక్కనే. తీసిన గుర్రపుడెక్కను ట్రాక్టర్లో వేసి, వే బ్రిడ్జి మీద తూకం వేయించి, టన్నుకు ఇంత అని. పైకి చూస్తే న్యాయంగానే ఉంటుంది, ఎంత పని చేస్తే అంత డబ్బు. కానీ తూకం వేస్తున్నది ఎక్కువగా నీళ్లని అని గుర్తుంచుకోండి. నీళ్లు కారుతుండగానే ట్రాలీ కాటా ఎక్కితే కాంట్రాక్టరుకు లాభం, రెండు రోజులు ఆరబెడితే నష్టం. లాంగ్ బూమ్ పొక్లెయిన్ చెయ్యి 15–18 మీటర్లు అందుతుంది, కాబట్టి కట్ట మీద నిలబెట్టి అందినంతా తీస్తాడు, చెరువు మధ్యలోది ముట్టుకోడు. ముట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు, గాలి తిరిగితే మధ్యలోది తనంతట తానే ఒడ్డుకు వస్తుంది, మళ్లీ తీయొచ్చు, మళ్లీ తూకం. ఎవరూ దొంగతనం చేయనక్కర్లేదు. ఒప్పందమే ఆ దారి చూపిస్తోంది.

సొసైటీ అధ్యక్షుడు మొదటి మీటింగులోనే తేల్చేశాడు: "టన్నుకింత అని మీరు పైసలిస్తే వాడు దాన్ని పంటలెక్క సాకుతడు గానీ ఖతం చేస్తడా సార్?" మేం ఆ రోజు స్లైడ్లు వేసుకుని వెళ్లాం, దానితో సగం స్లైడ్లు అవసరం లేకుండా పోయాయి.

మురుగు లెక్క

"గుర్రపుడెక్క నీళ్లలోని మురికిని పీల్చుకుంటుంది కదా, తీస్తూ ఉంటే చెరువు అదే బాగుపడుతుంది" అని చాలామంది అంటారు. కాలనీ సంక్షేమ సంఘంలో ఒక పెద్దాయన కూడా ఇదే గట్టిగా వాదించారు. పీల్చుకునే మాట నిజమే. కానీ ఎంత? ఒక హెక్టారు మీద పచ్చి బరువు 200 టన్నులు అనుకుంటే (దట్టంగా ఉంటే ఇంకా ఎక్కువే ఉంటుంది) 16 హెక్టార్లకు 3200 టన్నులు. అందులో ఎండు పదార్థం టన్నుకు 50–60 కిలోలే, ఆ ఎండు పదార్థంలో నత్రజని రెండు శాతం పైచిలుకు. మొత్తం లాగేస్తే చెరువు నుంచి బయటికి వెళ్లేది నాలుగు టన్నుల దరిదాపు నత్రజని.

ఇటు చూడండి. ఒక మనిషి నుంచి రోజుకు మురుగులోకి పోయే నత్రజని 8–10 గ్రాములు. చెరువులోకి వెయ్యి ఇళ్ల మురుగు వస్తోందనుకుంటే, ఇంటికి నలుగురు చొప్పున నాలుగు వేల మంది, ఏడాదికి తక్కువలో తక్కువ 12 టన్నుల దరిదాపు. దారిలో కొంత గాలిలో కలుస్తుంది, కొంత సెప్టిక్ ట్యాంకుల్లో మిగులుతుంది, సగం తీసేసినా ఆరు. చెరువు మొత్తం ఒకసారి ఊడ్చేస్తే పోయేదానికంటే ఏడాదిలో వచ్చేదే ఎక్కువ. పైగా మా దగ్గర వర్షపు నీటి కాలువలోకి డ్రైనేజీ కనెక్షన్లు ఇచ్చిన ఇళ్లు వెయ్యి కంటే తక్కువేమీ ఉండవు.

దీని మీద చేయగలిగింది కొంతే చేశాం. కాలువ చెరువులో కలవకముందే ఒక ఛాంబరు కట్టి, వానలేని రోజుల్లో వచ్చే మురుగును ట్రంక్ లైనులోకి (పెద్ద డ్రైనేజీ పైపులోకి) మళ్లించారు. వాన పడితే ఛాంబరు పొంగి అంతా చెరువులోకే. అంటే ఎరువు తగ్గింది గానీ ఆగలేదు. కాబట్టి ఈ చెరువుకు "ఒకసారి చేసి వదిలేసే పని" అనేది లేదు, నిర్వహణ ఖర్చు ఎప్పటికీ ఉంటుంది అని మొదటి రిపోర్టులోనే రాశాను. ఆ వాక్యం ఎవరికీ నచ్చలేదు.

వద్దనుకున్న దారులు

మందు కొట్టడం. గ్లైఫోసేట్, 2,4-డి లాంటి కలుపు మందులకు గుర్రపుడెక్క చస్తుంది, అందులో అనుమానం లేదు. 2022 అక్టోబరులో వచ్చిన కేంద్ర ఉత్తర్వు ప్రకారం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలి, అది ఒక చిక్కు. అసలు చిక్కు అది కాదు. వందల టన్నుల మొక్క ఒకేసారి చచ్చి నీళ్లలోనే కుళ్లితే ఉన్న కాస్త ఆక్సిజనూ పోతుంది, చేపలు చస్తాయి, అది పీల్చుకున్న ఎరువంతా తిరిగి నీళ్లలోకే వస్తుంది. గేదెలు తాగే చెరువు, సొసైటీ చేపపిల్లలు వదిలే చెరువు. వద్దన్నాం.

పురుగులు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడుగుతారు, అడగాల్సిందే కూడా. గుర్రపుడెక్కను మాత్రమే తిని బతికే రెండు రకాల ముక్కుపురుగులు ఉన్నాయి, నియోచెటీనా ఐకార్నియే, నియోచెటీనా బ్రూకీ. వీటిని 1980ల మొదట్లోనే బెంగళూరు కేంద్రంగా మన దేశానికి తెచ్చి, పరీక్షించి, అక్కడి చెరువుల్లో వదిలారు. తర్వాత మణిపుర్‌లోని లోక్‌తక్ సరస్సులో కూడా వదిలారు. పెద్ద పురుగు అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది, రాత్రిపూట ఆకు పైపొరను గీకి తింటుంది, ఆకు మీద చిన్న చిన్న చతురస్రాల్లాంటి గాట్లు పడతాయి. అసలు నష్టం చేసేది దాని లార్వా, కాడలోకి తొలుచుకుని మొదలు దాకా వెళుతుంది, ఆ గాయాల్లోంచి కుళ్లు పడుతుంది. ప్యూపా దశ నీళ్లలోపల వేళ్ల దగ్గర. ఒక తరం పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు.

విక్టోరియా సరస్సులో 1990ల చివర్లో గుర్రపుడెక్క దాదాపు 20 వేల హెక్టార్లు కప్పేసింది. ఉగాండా 1995లో, కెన్యా, టాంజానియాలు 1997లో ఈ పురుగులను వదిలాక ఆ దశాబ్దం చివరికల్లా చాలా భాగం కూలిపోయింది. 1997–98 ఎల్ నీన్యో వానలూ అలలూ ఎంత సాయం చేశాయి, పురుగులు ఎంత చేశాయి అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా ఉంది. తర్వాత కెన్యాలోని కిసుము దగ్గరి అఖాతంలో మళ్లీ వచ్చింది కూడా.

మరి మనం ఎందుకు వాటి మీద ఆధారపడలేదు? రెండు కారణాలు. ఒకటి కాలం. పురుగులు పెరిగి పని చూపించడానికి రెండు నుంచి అయిదేళ్లు కావాలి. మురుగు ఎక్కువున్న చోట మొక్క పెరిగే వేగం పురుగు తినే వేగాన్ని దాటేస్తుంది (బ్రూకీ రకం నత్రజని ఎక్కువున్న మొక్కల మీద కాస్త మేలు). రెండోది ఎవరూ చెప్పనిది: పొక్లెయినూ పురుగూ ఒకే చెరువులో కుదరవు. మొక్కను తీసి ఒడ్డున పోస్తే దానితోపాటు గుడ్లూ లార్వాలూ ప్యూపాలూ పోతాయి, వదిలిన కొసరు నుంచి వచ్చే కొత్త మొక్క పురుగు లేకుండా హాయిగా పెరుగుతుంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి. మా చెరువులో ఆకుల మీద గాట్లు అప్పటికే ఉన్నాయి, అంటే పురుగు ఎలాగో వచ్చి చేరింది, అయినా చెరువు నిండిపోయింది. ఇక్కడ యంత్రాన్నే ఎంచుకున్నాం. పై చెరువు వెనక మనుషులు వెళ్లని ఊబిలో మాత్రం ముట్టుకోవద్దన్నాం, అక్కడ పురుగు తన పని తాను చేసుకోనివ్వండి.

గడ్డి చేపలు వదలమని కూడా సలహా వచ్చింది. గడ్డి చేప నీటి అడుగున పెరిగే మెత్తని మొక్కలను ఇష్టంగా తింటుంది, గుర్రపుడెక్కను పెద్దగా పట్టించుకోదు. ఇలాంటి ఆలోచనలు కొత్త కాదు, అమెరికాలో 1910లో లూసియానా గుర్రపుడెక్కను తినడానికి ఆఫ్రికా నుంచి నీటి గుర్రాలను తెప్పిద్దామని అక్కడి కాంగ్రెస్‌లో (చట్టసభలో) బిల్లే పెట్టారు. అది పాస్ కాలేదు, వాళ్ల అదృష్టం.

బుట్టలు, చాపలు అల్లడం గురించి ఒక్క మాట. అస్సాంలో గుర్రపుడెక్క కాడలతో చేతిపనులు బాగా నడుస్తున్నాయి, దీపోర్ బీల్ సరస్సు దగ్గరి అమ్మాయిలు యోగా మ్యాట్లు కూడా చేశారు. ఉపాధిగా మంచిదే. నియంత్రణగా లెక్కకు రాదు, వాళ్లకు పొడవాటి మంచి కాడలే కావాలి, మనకు మొత్తం పోవాలి.

చేసిన పని

ఏప్రిల్, మే నెలలనే ఎంచుకున్నాం. నీళ్లు తగ్గి ఉంటాయి, అంచుల్లో కొంత మొక్క నేలమీద కూర్చుని ఎండిపోతుంది, వానాకాలంలో దాని మీద గూళ్లు పెట్టే నీటికోళ్లకు అప్పటికింకా సమయం రాలేదు.

మొక్కను ముట్టుకునేముందు చేసింది పై కాలువ కలిసేచోట తేలే అడ్డు కట్టడం. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు ముక్కలు రెండు చివర్లా మూసి, నైలాన్ తాడుకు కట్టి, కింద అరమీటరు లోతు వల వేలాడదీయడం, అంతే. ఇది లేకుండా కింద ఎంత తీసినా పై నుంచి విత్తు వస్తూనే ఉంటుంది. పాత ఒప్పందాల్లో ఇది లేనే లేదు, ఎందుకంటే దీనికి తూకం ఉండదు.

తర్వాత చెరువును తాళ్లతో, థర్మాకోల్ తేలికలతో మూడు భాగాలు చేశాం. తీసిన భాగంలోకి తీయని భాగం గాలికి జరిగి రాకుండా. గాలి ఈ పనిలో శత్రువు కూడా, కూలి కూడా. వేసవి చివర పడమటి గాలి మొదలైతే చాపలా అల్లుకున్న గుర్రపుడెక్క మొత్తం తూర్పు ఒడ్డుకు చేరి ఒత్తుకుంటుంది, పొక్లెయిన్ అక్కడే పెట్టుకుంటే సగం పని గాలి చేస్తుంది. మా కట్ట తూర్పునే ఉంది. కానీ అది పాత మట్టికట్ట, భారీ యంత్రం ఎక్కడ పడితే అక్కడ ఎక్కితే రివిట్‌మెంట్ రాళ్లు (కట్ట వాలుకు పరిచినవి) జారిపోతాయి, అందుకని గట్టిగా ఉన్న రెండు చోట్లే యంత్రాన్ని నిలబెట్టి, మధ్యలోదాన్ని అక్కడికి లాక్కురావడం మత్స్యకారులకు అప్పగించాం. పాత చాపను పొడవాటి రంపపు కత్తులతో ముక్కలుగా కోసి, ముక్క చుట్టూ వల తిప్పి, తెప్పల మీంచి తాడుతో లాగుతారు. చూడ్డానికి నెమ్మది పని. కానీ చెరువు మధ్యలోంచి తీసింది ఈ పద్ధతిలోనే, యంత్రంతో కాదు.

చాప మీద ఎవరూ నడవకూడదు అన్నది మొదటి నిబంధన, లైఫ్ జాకెట్, గమ్ బూట్లు, చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. మురుగు నీళ్లు, పాములు, చర్మం దురదలు, అన్నీ ఉన్నాయి. ఎండకు జాకెట్ వేసుకోవడం మీద రోజూ గొడవే, అయినా ఈ విషయంలో రాజీ పడలేదు.

తీసినదాన్ని కట్ట వాలు మీద పోయలేదు. అక్కడ పోస్తే మొదటి వానకే దాని రసం తిరిగి చెరువులోకి. ఎఫ్‌టీఎల్ అవతల ఖాళీ జాగాలో పరిచి, మూడు నాలుగు రోజులు ఎండనిచ్చి, లోడరుతో తిరగేస్తే బరువూ పరిమాణమూ బాగా తగ్గి ట్రాక్టర్ ట్రిప్పులు తగ్గాయి. కాటా లేదు కాబట్టి ఎండబెట్టడం ఇప్పుడు కాంట్రాక్టరుకే లాభం. కంపోస్టు చేశాం గానీ కూరగాయలకు ఇవ్వలేదు. ఈ మొక్క సీసం, కాడ్మియం లాంటి లోహాలను వేళ్లలో దాచుకుంటుంది, పైన చిన్న చిన్న ఫ్యాక్టరీలు ఉన్నాయి. రోడ్డు పక్క చెట్లకు వాడారు.

ఒకేసారి మొత్తం తీసేయమని పైనుంచి ఒత్తిడి బాగా వచ్చింది, ఎవరో పెద్దమనిషి వచ్చి ఫొటో దిగాలట. ఒప్పుకోలేదు. దట్టమైన చాప కింద పొద్దున్నే మీటరు పెడితే ఆక్సిజన్ దాదాపు సున్నా, చాప ఒక్కసారిగా తీస్తే ఎండ నేరుగా ఎరువు నిండిన నీళ్ల మీద పడుతుంది, ఆకుపచ్చ నాచు విరగబడుతుంది, అది రాత్రిపూట ఉన్న ఆక్సిజన్ కూడా వాడేస్తుంది. రెండో భాగం తీశాక ఇది కళ్లారా చూశాం. నీళ్లు చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి గుటకలు వేశాయి. పని ఆపి, సొసైటీ వాళ్లు డీజిల్ పంపులతో నీళ్లు చిమ్మితే గట్టెక్కాయి. మొత్తం ఒకేసారి తీసి ఉంటే చచ్చిన చేపల ఫొటోలు దిగాల్సి వచ్చేది.

తామర, కలువ ఉన్న మూలనూ, కాలువ దగ్గరి జమ్మునూ వదిలేయమని మార్కు చేసి పెట్టాం. పాత కాంట్రాక్టులో అవీ గుర్రపుడెక్కతోపాటు తూకానికి పోయాయి. మన మొక్కలు ఆ జాగా ఆక్రమించుకుని ఉంటే కొత్తదానికి చోటు తక్కువ.

వానలొచ్చాక

జూన్ చివర అంచుల్లో బురద తడిసిన చోట మొలకలు వచ్చాయి. ఇవి గుర్రపుడెక్కలా కనబడవు, సన్నటి రిబ్బను ఆకులతో మామూలు గడ్డిలా ఉంటాయి, బుడగలాంటి కాడ తర్వాత వస్తుంది. మనుషులకు చూపించి నేర్పించకపోతే వదిలేస్తారు. చేత్తో పీకేయడమే, వేరే దారి లేదు, ఈ పని మహిళా సంఘాల వాళ్లు చాలా బాగా చేశారు. బురదలో విత్తనాల నిల్వ ఎంతుందో అంతకాలం ప్రతి ఏడాదీ ఇది తప్పదు.

జులైలో పై చెరువు మత్తడి దూకింది. తేలే అడ్డు దగ్గర ఒక్క రాత్రిలో ట్రాక్టర్లకొద్దీ పోగైంది, బరువుకు ఒక కొస తాడు తెగి కొంత లోపలికి వచ్చేసింది. వచ్చినదాన్ని తెప్పల మీద తిరిగి ఏరేశారు. తాడు మందం పెంచాం, అడ్డును కాలువకు సూటిగా అడ్డంగా కాకుండా ఏటవాలుగా మార్చాం, కొట్టుకొచ్చింది ఒక ఒడ్డుకు జారి అక్కడ పోగవుతుంది, తీయడం సులువు.

ఆగస్టులో అంతర తామర (పేరుకే తామర, ఇదీ నీళ్ల మీద తేలే కలుపు మొక్కే) కనబడింది, గుర్రపుడెక్క ఖాళీ చేసిన జాగాలోకి వచ్చేది తరచూ అదే. దాన్ని కూడా అదే జాబితాలో చేర్చాం.

చేపల సంగతి కొంచెం. నీళ్లు తగ్గినప్పుడు వల వేస్తే బొచ్చె, రవ్వు కంటే జిలేబీలే (తిలాపియా) ఎక్కువ పడ్డాయి. 1952లో తెచ్చిన చేప, దాన్ని ఇప్పుడు ఎవరూ బయటికి పంపలేరు, తింటున్నారు, అమ్ముతున్నారు, వదిలేయండి. దెయ్యం చేప అని పిలిచేది మాత్రం వేరే కథ. ఇది కూడా అమెజాన్ ప్రాంతం నుంచే, అక్వేరియంలో అద్దాలు నాకి శుభ్రం చేస్తుందని కొనుక్కుని, పెద్దదయ్యాక చెరువులో వదిలేస్తున్నారు. ఒంటి నిండా పెంకు, ముళ్లతో వల చింపుతుంది, గట్టుకు బొరియలు చేస్తుంది, నీళ్లు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది. పడితే తిరిగి నీళ్లలో వేయొద్దు, గుంట తీసి పాతేయండి అని సొసైటీలో తీర్మానం చేయించాం. కొత్త వెంచర్ల గేట్ల దగ్గర బోర్డు పెట్టాం. బోర్డు పని చేస్తుందా అంటే, అదేమీ చెప్పలేను.

కొత్త ఒప్పందం

డబ్బు చెల్లించేది తీసిన బరువుకు కాదు, తెరిచి ఉన్న నీళ్లకు. నెలకోసారి ఒకే ఎత్తు నుంచి డ్రోన్ ఫొటో, గుర్రపుడెక్క, అంతర తామర కలిపి చెరువు విస్తీర్ణంలో అర శాతం దాటకూడదు. మొత్తం సొమ్ములో తొలగింపుకు ఇచ్చేది సగం కంటే తక్కువ, మిగతాది రెండేళ్ల పాటు నెలనెలా నిలబెట్టినందుకు. యంత్రం ఉన్న కాంట్రాక్టరు మొదట ఇది తన పని కాదన్నాడు, నిజమే, అతని పని రెండు నెలల్లో అయిపోతుంది. అందుకని నిర్వహణ భాగాన్ని విడదీసి చేపల సొసైటీకి నెల జీతం పద్ధతిలో ఇచ్చాం. రోజూ తెప్ప మీద చెరువంతా తిరిగేది వాళ్లే, ఎక్కడ కొత్తగా మొలిచిందో ముందు కనబడేది వాళ్లకే, చెరువు తెరుచుకుంటే చేప పెరిగేదీ వాళ్లకే. ఒక తెప్పంత జాగా కంటే పెద్ద గుంపు కనబడితే వారంలోపు తీయాలి. వారమే ఎందుకంటే అది రెట్టింపయ్యే గడువులోపు ఉండాలి కాబట్టి.

సొసైటీకి డబ్బు ఇవ్వడానికి ఫైలు కదలడమే ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. యంత్రానికి టెండరు ఫార్మాట్ ఉంది, తెప్ప మీద తిరిగే మనిషికి లేదు. చివరికి "వాచ్ అండ్ వార్డ్" (కాపలా) పద్దు కింద సర్దారు.

ఇప్పటికి రెండు వానాకాలాలు దాటాయి. రెండోసారి సెప్టెంబరులో ఒక నెల అర శాతం దాటింది, పై చెరువు నుంచి వచ్చినదే, ఆ నెల సొమ్ములో కోత వేశారు, సొసైటీ వాళ్లు అభ్యంతరం చెప్పారు. వాళ్ల వాదన సబబే: పైనుంచి వచ్చినదానికి కింద ఉన్నవాళ్లను కోయడం ఏంటి? కాబట్టి ఈ ఏడాది ఒప్పందంలో మత్తడి దూకిన తర్వాతి పదిహేను రోజులను కొలతలోంచి తీసేశాం.

పై చెరువు గ్రామంతో మాటలు నడుస్తున్నాయి. వాళ్ల మత్తడి పైనే ఇంకో తేలే అడ్డు కడితే సమస్య అక్కడే ఆగుతుంది. సామాను మేమిస్తే మనుషుల్ని వాళ్లు పెడతామంటున్నారు, కానీ తీసినదాన్ని పోయడానికి జాగా వాళ్ల దగ్గర లేదు, శిఖం భూమి (చెరువు నీళ్లలో మునిగే నేల) మీద కోర్టు కేసు ఉంది. జూన్ లోపు జాగా తేలకపోతే మా అడ్డు దగ్గర మనుషులను రెట్టింపు చేయాలి, దానికి బడ్జెట్లో విడిగా ఒక లైను పెట్టి పంపాను.